శిబిరం ముగిసిన మర్నాడు ఎవరు వస్తారు?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పుటల్లో ప్రతి సోమవారం దాదాపు తప్పకుండా కనిపించే వార్త ఒకటుంది. ఫలానా కల్యాణ మండపంలోనో, ఫలానా ఉన్నత పాఠశాల ఆవరణలోనో ఉచిత వైద్య శిబిరం జరిగిందనీ, ఇన్ని వందల మందికి బీపీ, షుగరు పరీక్షలు చేసి మందులు పంచారనీ, దాతలను శాలువాలతో సత్కరించారనీ ఆ వార్త చెబుతుంది. ఆ దాతల మంచి మనసును నేను ఏమాత్రం శంకించడం లేదు. గుంటూరు జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగే ప్రభుత్వ నర్సుగా, అంటే ఏఎన్‌ఎంగా ఉద్యోగంలో చేరి, ఆరోగ్య పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేసేవరకు అలాంటి శిబిరాల్లో బల్ల వెనక కూర్చుని ఎంతమంది చేతులకు బీపీ పట్టీ చుట్టానో నాకే లెక్క తెలియదు. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. స్వచ్ఛంద సంస్థలూ, వచ్చిన ఆదాయాన్ని పంచుకోకుండా తిరిగి సేవకే వెచ్చించే సామాజిక సంస్థలూ ప్రజారోగ్యానికి చేయగల మేలు చాలా పెద్దది. అయితే ఆ మేలు శిబిరం ముగిసిన మర్నాటి నుంచి మొదలవుతుందనీ, మన దాతలు తమ డబ్బులో ఎక్కువ భాగాన్ని ఆ మర్నాటి పనికి మళ్లించాలనీ నా మనవి.

నేను మరచిపోలేని ఒక సంఘటన చెబుతాను. మా సబ్‌సెంటరు పరిధిలోని ఒక ఊళ్లో జరిగిన శిబిరానికి, పొలం పనులకు వెళ్లే నడివయసు ఆమె ఒకరు తలనొప్పి అంటూ వచ్చారు. చూస్తే బీపీ చాలా ఎక్కువగా, 180/110 ఉంది. పట్నం నుంచి వచ్చిన డాక్టరుగారు శ్రద్ధగానే చూసి, పది రోజులకు మాత్రలు ఇచ్చి, ఆ తర్వాత దగ్గర్లోని ఆసుపత్రిలో చూపించుకోమని చెప్పారు. నాలుగు నెలల తర్వాత టీకాల పని మీద నేను ఆ వీధికి వెళ్లేసరికి ఆమె కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి మంచంలో ఉన్నారు. "మాత్రలు అయిపోయినాయి నర్సమ్మగారూ, తలనొప్పి కూడా తగ్గింది గదా అని మా అత్త ఊరుకుంది" అని కోడలు చెప్పింది. బీపీ మాత్ర రోజూ వేసుకోవలసిందేననీ, నొప్పి లేనంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదనీ ఆ ఇంటికి నాలుగుసార్లు వెళ్లి చెప్పే మనిషి లేకపోయారు. ఆ రోజు చూసిన వందల మంది పేర్లు రాసిన కాగితాలు నిర్వాహకుల సంచిలోనే వెళ్లిపోయాయి. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వాటిలో ఒక్క పేరు కూడా చేరలేదు. నేనూ అడిగి తీసుకోలేదు. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన పనిని కూడా నేను దగ్గర నుంచి చూశాను. పోలియో నిర్మూలనను 1985లోనే తన లక్ష్యంగా చేపట్టిన రోటరీ సంస్థ, 1995లో మన దేశంలో పల్స్ పోలియో మొదలైన నాటి నుంచి మా వెంట నడిచింది. వాహనం లేని ఊరికి వాహనం, చుక్కల మందు పెట్టెలకు ఐస్ ప్యాకులు, బూత్‌లో కూర్చున్న వారికి మధ్యాహ్న భోజనం, ముందురోజు వీధుల్లో మైకు ప్రచారం వంటివి విడివిడిగా చూస్తే చిన్న సాయాలే. అవి ఒక ఏడాదితో ఆగకుండా ప్రతి విడతకూ, ఏళ్ల తరబడి అందాయి. బూత్‌కు రాని పిల్లల కోసం తర్వాతి రోజుల్లో ఇంటింటికీ తిరిగేటప్పుడు, చుక్కలు అందరికీ పడిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో 'పి' గుర్తు, బిడ్డ మిగిలిపోయిన ఇంటి మీద 'ఎక్స్' గుర్తు వేసేవాళ్లం. ఆ 'ఎక్స్' ఇళ్లకు మళ్లీ వెళ్లేటప్పుడు మాకు ప్రభుత్వ ఉత్తర్వు కన్నా, పక్క వీధి కిరాణా కొట్టు యజమానో మసీదు పెద్దో వెంట రావడమే ఎక్కువ ఉపయోగపడేది. దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది; 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. ఆ వార్త చదివిన రోజు నాకు గుర్తుకొచ్చింది మా ఊళ్లలో గోడల మీది ఆ సుద్ద గుర్తులే.

ప్రభుత్వ ఉద్యోగి అడుగుపెట్టలేని చోట్లు కూడా ఉంటాయని నాకు హెచ్‌ఐవీ కాలంలో అర్థమైంది. 2000 తర్వాతి సంవత్సరాల్లో దేశంలో ఆ వ్యాధి తాకిడి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నేను తెల్లచీర కట్టుకుని, చేతిలో రిజిస్టరుతో ఒక ఇంటికి వెళ్తే ఆ ఇంటి మీద ముద్ర పడిపోయేది. అందుకే తలుపు వేసేసేవారు. అప్పుడు ఆ పని చేసింది స్వచ్ఛంద సంస్థలు నియమించుకున్న పీర్ ఎడ్యుకేటర్లు. అంటే అదే జీవితం గడుపుతున్న, అదే జబ్బుతో బతుకుతున్న సాటి మనుషులు. విజయవాడలో 1969లో ఏర్పడిన వాసవ్య మహిళా మండలి వంటి సంస్థలు హెచ్‌ఐవీ సోకిన వారి ఇళ్లకే వెళ్లి సంరక్షణ అందించాయి, ఆ కుటుంబాల పిల్లలను ఆదుకున్నాయి. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అయితే ఆసుపత్రిలో మందు ఉండటం వేరు, ఆ మందు కోసం మనిషి సిగ్గూ భయమూ విడిచి వరసలో నిలబడటం వేరు. మొదటి రోజు చెయ్యి పట్టుకుని తీసుకువెళ్లిందీ, మూడో నెలలో మానేసిన వారి ఇంటికి వెళ్లి మళ్లీ ఒప్పించిందీ ఆ కార్యకర్తలే. వారికి అందిన గౌరవ వేతనం ఎంత స్వల్పమో నాకు తెలుసు.

గుంటూరు వారికి ఇది కొత్త విషయం కూడా కాదు. 1883లో లూథరన్ మిషన్ తరఫున అమెరికా నుంచి ఇక్కడికి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్, 1898లో ఆసుపత్రి తెరవడానికి ముందు ఏళ్ల తరబడి ఇళ్లకు వెళ్లి స్త్రీలకు వైద్యం చేశారు. మగ డాక్టరుకు చెయ్యి చూపించడానికి కూడా ఆడవారు ఒప్పుకోని కాలమది. ఆమె 1930లో ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

ఇక సామాజిక సంస్థల విషయానికి వస్తే, మన గుంటూరు, విజయవాడ నగరాల పరిసరాల్లోనే చక్కని ఉదాహరణలు ఉన్నాయి. పెదకాకాని వద్ద ఉన్న శంకర కంటి ఆసుపత్రి, నూటికి 20 మంది చెల్లించే రుసుముతో మిగిలిన 80 మందికి ఉచితంగా చికిత్స చేసే పద్ధతిని అనుసరిస్తుంది. విజయవాడ పక్కన తాడిగడపలో ప్రాంగణం ఉన్న ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు చేతుల మీదుగా మొదలైంది. స్థలమూ ధనమూ ఇచ్చిన సినీ నిర్మాత పేరు దానికి పెట్టారు. ఈ సంస్థలు చేసే ఆపరేషన్ల సంఖ్య కన్నా అవి నిలబడిన పద్ధతి నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. ఎల్.వి. ప్రసాద్ సంస్థ సుమారు 50,000 జనాభాకు ఒక విజన్ సెంటరు, ఐదు లక్షల జనాభాకు ఆపరేషన్ చేయగల ఒక కేంద్రం, ఆ పైన పెద్ద ఆసుపత్రి అన్న అంచెల పద్ధతిలో పనిచేస్తుంది. విజన్ సెంటరులో కూర్చునేది అదే ప్రాంతంలో ఇంటర్ చదివి, ఒక ఏడాది శిక్షణ పొందిన అమ్మాయో అబ్బాయో. కళ్లజోడు నంబరు వారే చూస్తారు, శుక్లాలను గుర్తించి పైకి పంపుతారు, ఆపరేషన్ అయి వచ్చిన అవ్వను చుక్కలు సరిగా వేసుకుంటున్నదో లేదో అడిగి తెలుసుకుంటారు. కళ్లజోళ్ల మీద వచ్చే ఆదాయం ఆ కేంద్రం ఖర్చులకు ఆసరా అవుతుంది. ఊరికి ఒకసారి వచ్చి వెళ్లిపోయే కంటి శిబిరానికీ దీనికీ తేడా ఏమిటంటే, ఆపరేషన్ అయిన రెండో వారంలో కన్ను ఎర్రబడితే ఎక్కడికి వెళ్లాలో అవ్వకు తెలుసు.

1976లో మధురైలో 11 పడకలతో మొదలైన అరవింద్ కంటి ఆసుపత్రి ఇంకొక అడుగు ముందుకు వేసింది. శుక్లం తీసిన కంట్లో అమర్చడానికి విదేశాల నుంచి వచ్చే కృత్రిమ కటకం (లెన్సు) ధర పేదవాడి ఆపరేషన్‌కు అడ్డుపడుతోందని గ్రహించి, 1992లో సొంతంగా వాటిని తయారు చేసే అరోల్యాబ్‌ను నెలకొల్పింది. కటకాల ధర ఎన్నో రెట్లు తగ్గింది. దానధర్మంతో పాటు ధర గురించి కూడా ఆలోచించే సంస్థలు మన జిల్లాల్లో మరికొన్ని రావాలని కోరుకుంటున్నాను. తక్కువ ధర మందుల దుకాణాలను ట్రస్టులు, మహిళా సంఘాలు కూడా నడపవచ్చు. జన ఔషధి పథకం అందుకు అవకాశం ఇస్తోంది. నెలకు సరిపడా బీపీ మాత్రలు ఇంటి దగ్గర చవకగా దొరికితే, నేను పైన చెప్పిన ఆమె వంటి వారు మాత్ర మానకుండా ఉండే అవకాశం పెరుగుతుంది.

క్షయ విషయంలో స్వచ్ఛంద సంస్థల సాయం ఎంత నేరుగా ప్రాణాన్ని కాపాడుతుందో ఇటీవల శాస్త్రీయంగా కూడా తేలింది. మామూలు క్షయకు ఆరు నెలల పాటు మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. కానీ ఖాళీ కడుపుతో ఆ మాత్రలు వేసుకుంటే వాంతి వస్తుంది, కళ్లు తిరుగుతాయి, పనికి వెళ్లలేక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక హమాలీ నాతో, "మందు ఫ్రీయే మేడం, అన్నమే ఫ్రీగా రావట్లేదు" అన్నారు. రెండో నెలలోనే మందు మానేశారు. ఒక చిన్న ట్రస్టు వారు నెలనెలా బియ్యం, కందిపప్పు, గుడ్లు, వేరుశనగలు ఇంటికి పంపడం మొదలుపెట్టాక మళ్లీ చేరి కోర్సు పూర్తి చేశారు. ఝార్ఖండ్‌లో 2,800 మంది క్షయ రోగుల కుటుంబాల మీద జరిగి, 2023లో ప్రచురితమైన రేషన్స్ అధ్యయనం, రోగితో పాటు ఇంటిల్లిపాదికీ అదనపు ఆహారం ఇస్తే ఆ ఇంట్లో కొత్తగా క్షయ రావడం 39 నుంచి 48 శాతం వరకు తగ్గిందని తేల్చింది. ప్రభుత్వం రోగి ఖాతాలో వేసే పోషకాహార భత్యాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెంచింది. 2022లో మొదలైన నిక్షయ్ మిత్ర పథకం కింద ఏ వ్యక్తి అయినా, ఏ సంస్థ అయినా ఒక రోగికి కనీసం ఆరు నెలలు ఆహారం అందించవచ్చు. ఒక శిబిరానికి వేసే షామియానా, ఫ్లెక్సీలు, శాలువాల ఖర్చుతో ఎన్ని ఇళ్లకు పప్పు వెళుతుందో దాతలు ఒక్కసారి లెక్క వేసి చూడాలి.

రక్తదానం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ప్రముఖుల పుట్టినరోజున ఒకే రోజు వందల సీసాల రక్తం సేకరించడం మనకు అలవాటైంది. అందులో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు ఐదు రోజులే నిల్వ ఉంటాయి, ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు. కాలేజీలకు సెలవులుండే మే నెలలో రక్తం కొరత ఏర్పడుతుంది. పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి తలసేమియా ఉన్న బిడ్డకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి రక్తం ఎక్కించక తప్పదు, ఆ బిడ్డకు వేసవి సెలవులు లేవు. డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతిని సుప్రీంకోర్టు తీర్పుతో 1998 జనవరి నుంచి నిషేధించాక భారమంతా స్వచ్ఛంద దాతల మీదే ఉంది. అందువల్ల యువజన సంఘాలు ఒక్క రోజు రికార్డును పక్కనపెట్టి, సభ్యులను నెలల వారీగా పంచుకుని రక్తం ఇస్తే చాలా మేలు జరుగుతుంది.

నీటి సంగతి ఇంకా ముఖ్యమైనది. గుంటూరు ఆనందపేట ప్రాంతంలో 2018 మార్చిలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలినప్పుడు వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. కొళాయి చివర పట్టిన నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చిన్న గొట్టంలో నీళ్లు పట్టి, రసాయనం చుక్కలు వేసి, పసుపు రంగు వస్తోందో లేదో చూసే క్లోరోస్కోప్ పరీక్షను పదో తరగతి పిల్లలు కూడా నేర్చుకోగలరు. ప్రతి వార్డులో ఒక స్వచ్ఛంద సంస్థ, వీధి చివరి కొళాయిల దగ్గర వారానికి రెండుసార్లు ఈ పరీక్ష చేసి, రంగు రాని చోటును నగరపాలక సంస్థకు వెంటనే తెలియజేస్తే, వాంతులు విరేచనాలు మొదలుకాక ముందే ప్రమాదం తెలిసిపోతుంది. దాతలు మాత్రం ఎక్కువగా మినరల్ వాటర్ ప్లాంట్లు కట్టించడానికే మొగ్గు చూపుతారు. పూర్తి ఉచితంగా మొదలైన ప్లాంటు, ఫిల్టరు మార్చడానికి డబ్బు లేక రెండేళ్లకు తాళం పడిన చోట్లు నేను చూశాను. క్యానుకు కొద్ది రూపాయలు తీసుకుని, నడిపే మనిషికి జీతమిచ్చి, మరమ్మతులకు కొంత దాచుకునే ప్లాంట్లు నిలబడ్డాయి. అలా శుద్ధి చేసిన నీటిలోనూ క్లోరిన్ మిగలదు కాబట్టి, క్యాను కడగకపోతే ఆ నీరు మళ్లీ కలుషితమవుతుందని చెప్పేవారూ ఉండాలి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసరాలు మునిగినప్పుడు నేను కూడా కొందరు పాత సహోద్యోగులతో కలిసి వెళ్లాను. అన్నం పొట్లాలు, పాలు, నీళ్ల సీసాలు ఎంత ఉదారంగా వచ్చాయో ఆ రోజుల్లో కళ్లారా చూసినవారికే తెలుస్తుంది. ఎక్కడెక్కడి నుంచో యువకులు నడుములోతు నీళ్లలో నడిచి వచ్చి పంచారు. అయితే నన్ను చూసి నర్సునని తెలుసుకున్న పెద్దవారు ఒకరి తర్వాత ఒకరు అడిగింది షుగరు మాత్రల గురించి, ఇన్సులిన్ గురించి. ఫ్రిజ్‌లు మునిగి, మందుల డబ్బాలు కొట్టుకుపోయి, డాక్టరు చీటీలు తడిసి అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. ఎవరు ఏ మందు వాడుతున్నారో తెలిసినవారు ఆ వీధుల్లో ఆశా కార్యకర్తలు తప్ప మరొకరు లేరు, వారి ఇళ్లూ మునిగే ఉన్నాయి. ప్రతి వీధిలో దీర్ఘకాలిక జబ్బులున్న వారి జాబితా ఒక స్థానిక సంస్థ దగ్గర ముందే ఉంటే, మొదటి పడవలోనే మందులు వెళ్లేవి.

ఇవన్నీ చేయడానికి కావలసింది మనుషులు. ఇక్కడే మన దాతలతో నాకు సున్నితమైన అభిప్రాయభేదం ఉంది. "మా డబ్బు జీతాలకు పోకూడదు, పేదవాడికే చేరాలి" అని చాలామంది షరతు పెడతారు. ఆ మాట వెనక ఉన్న జాగ్రత్త నాకు అర్థమవుతుంది, దుర్వినియోగం జరిగిన సందర్భాలూ ఉన్నాయి. కానీ ప్రజారోగ్యంలో ఇంటికి నడిచి వెళ్లే మనిషే మందు. ఆమె జీతం ఆపేస్తే పేదవాడికి చేరవలసినదే ఆగిపోతుంది. 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు తమ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆరోగ్యం, పారిశుద్ధ్యం, సురక్షిత తాగునీరు ఆ జాబితాలో ఉన్నాయి. ఆ నిధుల్లో కొంత భాగమైనా భవనాలకూ యంత్రాలకూ కాక మూడేళ్ల పాటు క్షేత్ర కార్యకర్తల వేతనాలకు కేటాయిస్తే ఫలితం వేరుగా ఉంటుంది. భవనాలు అక్కర్లేదని నేను అనడం లేదు. గుంటూరు సర్వజనాసుపత్రిలో నాట్కో ట్రస్టు క్యాన్సర్ కేంద్రాన్ని కట్టించింది; గుంటూరు వైద్య కళాశాల పూర్వ విద్యార్థుల సంఘం జింకానా తల్లీబిడ్డల విభాగానికి ముందుకు వచ్చినప్పుడు, అమెరికాలో స్థిరపడిన ఒక వైద్యురాలు తన సంపాదనలోంచి 20 కోట్ల రూపాయలు ఇచ్చారు. అలాంటి దానాలకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అవి వేరే ఆసుపత్రి పెట్టకుండా ప్రభుత్వ ఆసుపత్రిని బలపరచడం నాకు మరీ నచ్చింది.

స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి కదా అని ప్రభుత్వం తన బాధ్యతను తగ్గించుకోకూడదు. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న ఒక లాభాపేక్ష లేని సంస్థ చొరవతో మొదలైంది. ప్రభుత్వం దాని ఖర్చులో అధిక భాగాన్ని భరించడానికి ముందుకు రావడం వల్లే, 2009లో ఆ సంస్థ వ్యవస్థాపకుల కంపెనీ సత్యం కంప్యూటర్స్ సంక్షోభంలో పడినా బండ్లు ఆగలేదు. ఒక సంస్థ దారి చూపడం, ఆ పని మంచిదని తేలాక ప్రభుత్వం దాన్ని అందరికీ విస్తరించడం అనే వరస ఆరోగ్య రంగంలో మరిన్ని పనులకు రావాలి. సంస్థలు కూడా తమ లెక్కలను, రోగుల వివరాలను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంతో పంచుకోవాలి. వేర్వేరు రిజిస్టర్లలో ఒకే రోగి పేరు మూడుసార్లు రాసి, పక్క వీధి రోగిని ఎవరూ రాయకుండా వదిలేసిన అనుభవం నాకుంది.

సంపాదకులవారికి చివరగా నా అభ్యర్థన. శిబిరాల వార్తలు వేయడం మానవద్దు, అవి దాతలకు ప్రోత్సాహమిస్తాయి. మీ విలేకరులు నిర్వాహకులను రెండు ప్రశ్నలు మాత్రం అదనంగా అడగాలని కోరుతున్నాను. బీపీ, షుగరు ఉన్నట్టు తేలిన వారి జాబితాను ఏ ఆరోగ్య కేంద్రానికి ఇచ్చారు, వచ్చే నెల వారి ఇళ్లకు ఎవరు వెళతారు అన్నవే ఆ ప్రశ్నలు. జవాబును కూడా అదే వార్తలో వేయండి. వీలైతే ఆరు నెలల తర్వాత అదే ఊరికి వెళ్లి, వారిలో ఎంతమంది ఇంకా మాత్రలు వేసుకుంటున్నారో చూసి, ఆ సంఖ్యను అదే పుటలో ప్రచురించండి. అందుకు మీ విలేకరికి తోడుగా ఇల్లిల్లూ తిరగడానికి నేనూ, నాతో పదవీ విరమణ చేసిన మరికొందరమూ సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆరోగ్య పర్యవేక్షకురాలు,
గుంటూరు.